‘ఏం కాదులే’ అనడం మానేశాం

మా ఆవిడ చదివి, రెండు చోట్ల కొట్టేసి, ఒక చోట తన మాట కలిపి, సరే అన్నాకే దీన్ని బయట పెడుతున్నాను. మాది శ్రీకాకుళం. నేను ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కల మాస్టారిని. ఆమె మా మేనమామ కూతురు, పుట్టిల్లు కాశీబుగ్గ. కరోనా మొదటి ఏడాది, 2020లో, మాకు పాప పుట్టింది. ఆ తొమ్మిది నెలల్లోనూ, ఆ తర్వాతా మా ఇద్దరి మనసులకీ ఏమైందో రాసి పెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. అప్పట్లో రాత్రుళ్లు ఫోన్లో ఇలాంటి అనుభవం కోసం తెగ వెతికేవాణ్ని. కడుపుతో ఉన్నవాళ్లు ఏం తినాలో, ఎటు తిరిగి పడుకోవాలో బోలెడు దొరికింది. ఆమె పక్కన నిద్రపట్టక దొర్లే మొగుడి గురించి నాకు ఒక్క ముక్క కూడా దొరకలేదు.

కిట్‌లో రెండు గీతలు కనిపించింది మార్చి 15, ఆదివారం. మరుసటి ఆదివారమే జనతా కర్ఫ్యూ. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. అంతకు ముందు, 2018లో, మాకు ఒకసారి పదో వారంలో కడుపు పోయింది. స్కాన్ గదిలో డాక్టరమ్మ మాట్లాడటం ఆపేసింది, మా ఆవిడ నా వేళ్లు నలిగిపోయేలా పట్టుకుంది. నాకు గుర్తున్నది అంతే. అందుకే ఈసారి గీతలు చూసి ఇద్దరం సంతోషపడలేకపోయాం. నేను “ఏం కాదులే” అన్నాను. ఆమె కూడా “ఏం కాదులే బావా” అంది. ఆ మాట మా ఇంట్లోకి ఆ రోజే వచ్చింది.

ఏప్రిల్ చివరి వారం దాకా మా జిల్లాలో ఒక్క కేసూ లేదు. అందరూ మనది గ్రీన్ జోన్ అని ధైర్యంగా ఉన్నారు. ఆ తర్వాత పాతపట్నం వైపు మొదటి కేసులు వచ్చాయి. గుజరాత్‌లోని వెరావల్‌లో చిక్కుకుపోయిన మన మత్స్యకారులు బస్సుల్లో తిరిగొచ్చారు, చెన్నై నుంచి కూలికెళ్లినవాళ్లు వచ్చారు. ఎవరి ఊరికి వాళ్లు రావడం తప్పెలా అవుతుంది? కానీ కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఉంటే ప్రతి బస్సూ భయమే. దానికి తోడు స్కూలు మూసేశారు. మార్చి జీతం సగం వచ్చింది, ఏప్రిల్‌ది రాలేదు. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు. ఒక స్నేహితుడి దగ్గర పదివేలు తీసుకుని, జీతం పడిందన్నాను.

మే మొదటి వారంలో పన్నెండో వారం స్కాన్. బలగలో మా ఇంటి నుంచి బండి మీద బయల్దేరాం. ఏడు రోడ్ల జంక్షన్లో పోలీసులు ఆపారు, స్కాన్ చీటీ చూసి వదిలేశారు. క్లినిక్ గేటు దగ్గర మాత్రం పేషెంట్ ఒక్కరే లోపలికి అన్నారు. “ముందు ఒకసారి పోయిందండీ, నేను పక్కనుండాలి” అని బతిమాలాను. అందరికీ ఒకటే రూలన్నారు. వాళ్ల రూలు వాళ్లది, కాదనలేను. మా ఆవిడ మాస్కు సర్దుకుని, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్లింది.

నలభై నిమిషాలు వేపచెట్టు కింద బండి మీద కూర్చున్నాను. పావుగంటకే చేతులు తిమ్మిరెక్కాయి, ఛాతీ పట్టేసింది, గాలి అందలేదు. నాకు కరోనా వచ్చేసింది, ఈమెకి అంటించేశాను అనుకున్నాను. బండి దిగి నేల మీద కూర్చుండిపోయాను. ఆమె బయటికొచ్చి “బాగానే ఉందట బావా, గుండె కొట్టుకుంటోంది” అంది. నేను లేచి నవ్వి “చెప్పానుగా, ఏం కాదులే అని” అన్నాను. ప్యాంటుకి అంటిన మట్టి చూసి ఆమె ఏమీ అడగలేదు. అది కరోనా కాదు, పానిక్ అటాక్ అని నాలుగు నెలల తర్వాత డాక్టరు చెప్తే తెలిసింది. ఆమె కూడా లోపల టేబుల్ మీద పడుకుని కళ్లు గట్టిగా మూసుకుందట. గుండె చప్పుడు వినిపించినా అది పక్క గదిలోదేమో అనుకుందట. ఈ ముక్క ఆమె కలిపింది.

జూన్ 21న సూర్యగ్రహణం. నాకు గ్రహణాల మీద నమ్మకం లేదు, పిల్లలకి చంద్రుడు ఎక్కడుంటాడో, భూమి ఎక్కడుంటుందో బంతులు పెట్టి చూపించే మాస్టారిని. అయినా ఆ రోజు కిటికీలకి దుప్పట్లు కట్టింది నేనే. మాది మేనరికం, బిడ్డ అవయవాలన్నీ సరిగా ఉన్నాయో లేదో చూసే టిఫా స్కాన్ ఇంకో పది రోజుల్లో ఉంది. ఆ వారంలోనే పలాసలో కరోనాతో చనిపోయిన ఒక పెద్దాయన్ని జేసీబీలో తీసుకెళ్లిన వీడియో వచ్చింది. పలాస, కాశీబుగ్గ జంట ఊళ్లు, అంటే అది మా ఆవిడ పుట్టిన ఊరే. మనుషుల్ని ఆఖరికి ఇలా పంపుతారా అని రాత్రంతా అడుగుతూనే ఉంది. టిఫాలో అంతా బాగుందని చెప్పాక కూడా ఆ వీడియో ఆమెని వదల్లేదు.

అప్పటి నుంచి ఇంట్లో మార్పు వచ్చింది. కూరగాయలు ఉప్పు, పసుపు నీళ్లలో మూడుసార్లు కడిగేది. అంగన్‌వాడీ నుంచి ఇంటికి ఇచ్చిన గుడ్లనీ అలాగే కడిగేది. ఆమె వేళ్ల సందులు పగిలి రక్తం వచ్చేది. అన్నం రెండు ముద్దలు తిని కంచం తోసేసేది. అర్ధరాత్రి లేచి గోడకానుకుని కడుపు మీద చెయ్యి పెట్టుకుని కదలికలు లెక్కపెట్టేది. నేను పదిహేను వందలు పెట్టి, రక్తంలో ఆక్సిజన్ చూపించే ఆక్సీమీటర్ కొన్నాను. ఆమె నిద్రపోయాక బాత్రూంలో తలుపేసుకుని వేలికి పెట్టుకునేవాణ్ని. 98. మళ్లీ పెట్టేవాణ్ని. 99. ఇంకోసారి. ఒక్కో రాత్రి ముప్ఫైసార్లు. కొళాయి తిప్పి ఏడ్చేవాణ్ని, చప్పుడు బయటికి పోకుండా.

మగవాడు ఏడిస్తే ఇంటికి మంచిది కాదని చిన్నప్పటి నుంచీ విన్నాను. మా నాన్న పోయినప్పుడు కూడా నేను గట్టిగా ఏడవలేదు. ఫోన్ చేసిన ప్రతివాళ్లూ “పిల్లెలాగుంది?” అనేవారు. “బాగుంది” అనేవాణ్ని. నువ్వెలా ఉన్నావని అడిగినవాళ్లు లేరు. దాంట్లో వాళ్ల తప్పు లేదు, అడగాలని ఎవరికీ తెలియదు.

ఆగస్టు వచ్చింది. రాష్ట్రంలో రోజుకి పదివేల కేసులు వస్తున్న రోజులు. ఏడో నెల. గాజులు తొడిగి, సూడిదలు తెచ్చి, పురిటికి పుట్టింటికి తీసుకెళ్లాల్సిన నెల. అత్త వాళ్ల వీధికి కర్రలు కట్టేశారు. మావయ్య జీడిపప్పు డబ్బా, నువ్వులుండలు ఎవరో తెలిసినవాళ్ల బండిలో పంపారు. మా ఆవిడ ఆ డబ్బాని వరండాలో మూడు రోజులు ఎండలో పెట్టింది. తర్వాత తెరిచి ఒక్కటి నోట్లో వేసుకుని “అమ్మ చేతి వాసన పోయింది” అంది.

ఆ రాత్రే, మర్నాటి చెకప్ కోసం ఆమె కార్డు వెతుకుతుంటే బీరువాలో ఒక నోటుపుస్తకం దొరికింది. మొదటి పేజీలో ఆమె చేతిరాత. ‘ఎర్ర డబ్బాలో నాన్తాడు, నాలుగు గాజులు. పాపయితే పాపకి. బాబయితే వాడి పెళ్లానికి. పాల డబ్బా గురించి అత్తకి చెప్పాలి. బావ మళ్లీ పెళ్లి చేసుకోవాలి, ఒంటరిగా ఉండలేడు.’

పుస్తకం పట్టుకుని మంచం దగ్గరికి వెళ్లాను. ఆమె మేలుకునే ఉంది. ఏమీ అడగకుండా తన తలగడ కింద నుంచి నా ఫోన్ తీసి ఒక మెసేజ్ చూపించింది. జూన్‌లో నేను అప్పు చేసి కట్టిన జీవిత బీమా టర్మ్ పాలసీ ప్రీమియం. నామినీ ఆమె. రెండు నెలల కిందటే చూసిందట.

ఒకే మంచం మీద పడుకుని ఇద్దరం ఎవరి చావుకి వాళ్లం ఏర్పాట్లు చేసుకున్నాం. రెండోవాళ్లకి బాధ కలగకూడదని. పొద్దుటే లేచి “ఏం కాదులే” అని చెప్పుకుంటూ టీ తాగాం. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ పేజీ గుర్తొస్తే నా గొంతు పట్టేస్తుంది.

ఆ రాత్రి ఏడ్చాం కానీ దాంతో ఏదీ తేలలేదు. దారి చూపించింది మా వార్డు ఆశా కార్యకర్త. వారానికోసారి వచ్చి గేటు బయట నిలబడి జ్వరముందా, దగ్గుందా అని అడిగేది. ఆ వారం మా ఆవిడ వివరాలు రాసుకుని, పుస్తకం మూసి, నావైపు తిరిగింది. “బావూ, నీ మొకమేటి అలాగున్నాది? నిద్రోతున్నావా?” అంది. నాకు మాట రాలేదు. తల అడ్డంగా ఊపాను. “ఆవిడా నిద్రోట్లేదు, నువ్వూ నిద్రోట్లేదు. ఇది జొరం లాంటిదే. డాక్టరుకి సెప్పాల” అంది. చదువుకున్న నేను అయిదు నెలలుగా అనుకోలేని మాటని ఆవిడ రెండు నిమిషాల్లో అనేసింది. ఆవిడకి నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

అప్పట్లో రాష్ట్రంలో 14410 టెలీమెడిసిన్ ఉండేది. మిస్డ్ కాల్ ఇస్తే వాళ్లే తిరిగి చేసేవారు. మాట్లాడిన డాక్టరమ్మ ముందు జ్వరం సంగతి అడిగి, తర్వాత మొత్తం విని, ఇద్దరూ మానసిక వైద్యుడికి చూపించుకోండి, ఆలస్యం చేయకండి అంది. సెప్టెంబరు మొదట్లో ఊళ్లోనే ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఇప్పుడైతే ఇంత వెతుక్కోనక్కర్లేదు. 2022 అక్టోబరు నుంచి మానసిక సమస్యలకి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, పగలూ రాత్రీ, తెలుగులో కూడా మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.

మా అమ్మకి చెప్తే కంగారుపడింది. “కడుపుతో ఉన్న పిల్లకి మతి మందులేట్రా? రేపు పిచ్చిదని రాసేస్తే గుంటని తల్లి దగ్గరుండనిస్తారేటి?” అంది. మా వైపు విశాఖ మెంటల్ ఆస్పత్రి పేరెత్తితేనే జనం గొంతు తగ్గిస్తారు. అమ్మ భయం ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఆ భయాన్ని డాక్టరు ముందు పెడితే ఆయన తేలిగ్గా తీసేయలేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, తల్లి ఆస్పత్రిలో చేరాల్సి వచ్చినా మూడేళ్లలోపు బిడ్డని మామూలుగా ఆమె నుంచి వేరు చేయకూడదని చెప్పారు. బెంగళూరులో నిమ్హాన్స్ అనే పెద్ద మానసిక వైద్య సంస్థలో అయితే తల్లినీ బిడ్డనీ కలిపి చేర్చుకునే వార్డే ఉందన్నారు. మీ కోడలికి అంత అవసరం లేదని కూడా చెప్పారు. ఆ మాటలు ఫోన్లో స్పీకర్ పెట్టి అమ్మకి వినిపించాను.

ఆయన ఇద్దరికీ చెరో కాగితం ఇచ్చారు. పది ప్రశ్నలు, గత ఏడు రోజుల గురించి. నవ్వగలుగుతున్నారా, కారణం లేకుండా భయం వేస్తోందా, మిమ్మల్ని మీరే నిందించుకుంటున్నారా, ఏడ్చేంత బాధగా ఉందా, చివరిది మీకు మీరు హాని చేసుకోవాలనిపించిందా అని. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం ముప్ఫై. మార్కులు ఎంత ఎక్కువైతే దిగులు అంత ఎక్కువని లెక్క. ఎడిన్‌బరో స్కేల్ అంటారట, 1987లో తయారైంది. బాలింతల కోసం చేసినా కడుపుతో ఉన్నవాళ్లకీ, తండ్రులకీ వాడతారట. ఆమెకి 17, నాకు 14. లెక్క నేనే కూడి చెప్పాను. మగవాళ్లకి ఇంకా తక్కువ మార్కు దగ్గరే జాగ్రత్తపడాలని ఆయన అన్నారు. తండ్రుల్లో పదిమందిలో ఒకరికి బిడ్డ కడుపులో ఉన్నప్పుడో, పుట్టాకో డిప్రెషన్ వస్తుందని కూడా అప్పుడే విన్నాను. నేను బలహీనుణ్ని కాబట్టి ఇలా అయ్యాననే ఆలోచన ఆ కుర్చీలోనే కొంత వదిలింది.

మందు గురించి చాలాసేపు మాట్లాడారు. ఆందోళన, దిగులు అలాగే వదిలేస్తే నెలలు నిండకుండా కాన్పయ్యే, బిడ్డ బరువు తగ్గే ప్రమాదం పెరుగుతుంది. మందుకీ కొంత ప్రమాదం ఉంది. రెండూ తూచి చూడాలన్నారు. ఆమె తిండీ నిద్రా మానేసింది కాబట్టి, కాన్పు చేసే డాక్టరమ్మతో మాట్లాడి, చిన్న మోతాదులో సెర్ట్రలిన్ మొదలుపెట్టారు. పాలిచ్చేటప్పుడు కూడా సాధారణంగా వాడదగ్గ మందు అదని చెప్పారు. ఎవరి మందు వాళ్ల డాక్టరే చెప్పాలి, మా చీటీ చూసి ఎవరూ కొనుక్కోవద్దు. నాకు మందు వద్దన్నారు అప్పటికి.

మాకు ఎక్కువ పని చేసింది ఆయన చెప్పిన ఇంకో మాట. రోజంతా వచ్చే భయాలని ఒక కాగితం మీద రాసుకోవాలి. రాత్రి ఏడున్నర నుంచి ఎనిమిది దాకా డాబా మీద కూర్చుని ఒకరికొకరు చదివి వినిపించుకోవాలి. మిగతా సమయంలో భయం వస్తే ‘ఏడున్నరకి’ అని చెప్పి పక్కన పెట్టాలి. ఒకే ఒక్క షరతు పెట్టారు. వినేవాళ్లు “ఏం కాదులే” అనకూడదు.

మొదటి వారం నాకు చాలా కష్టమైంది. ఆమె “నొప్పులొచ్చినప్పుడు అంబులెన్సు దొరక్కపోతే” అని చదివితే నా నాలుక చివరిదాకా ఆ మాట వచ్చేది. మింగేవాణ్ని. ఊరికే వింటే ఆమె ఇంకొంచెం చెప్పేది. చెప్పగా చెప్పగా ఆ భయంలో మేం చేయగలిగింది ఏదో బయటపడేది. ఆ రోజు 108తో పాటు ఇద్దరు ఆటోవాళ్ల నంబర్లు గోడ మీద రాశాం. నా వంతు వచ్చినప్పుడు జీతం సంగతి చెప్పాను, అప్పుల సంగతి చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “ఆ గాజుల్లో రెండు తాకట్టు పెట్టు, బిడ్డకి రెండు చాలు” అంది. “ఏం కాదులే” అన్నప్పుడు మేం ఎదుటివాళ్లకి ధైర్యం చెప్తున్నామనుకున్నాం, నిజానికి ఇక చెప్పకు అని తలుపేసేవాళ్లం. ఇది నాకు ఆ డాబా మీదే తెలిసింది.

వార్తలు రోజుకి ఒక్కసారే, పావుగంట. ఆక్సీమీటర్ మా అమ్మ దగ్గర పెట్టేశాను. నెల తిరిగేసరికి ఆమె కాస్త తినడం, నాలుగైదు గంటలు పడుకోవడం మొదలైంది.

నవంబరు 11 తెల్లవారుజామున నొప్పులు. ముందే అనుకున్న ప్రైవేటు ఆస్పత్రికి వెళ్లాం. కరోనా రిపోర్టు వచ్చేదాకా ఆమెని కారిడార్‌లో బెంచీ మీద కూర్చోబెట్టారు. నన్ను గేటు దాటనివ్వలేదు. కాన్పు సమయంలో తల్లికి నచ్చిన మనిషి ఒకరు పక్కనుండాలని, కరోనా ఉన్నా సరే ఆ హక్కు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన సంగతి నాకు తర్వాత తెలిసింది. తెలిసుంటే గట్టిగా అడిగేవాణ్ని. నేను ఫోన్లో, ఆమె బెంచీ మీద. “భయంగా ఉంది బావా” అంది. “నాకూ” అన్నాను. మధ్యాహ్నం పాప పుట్టింది, రెండు కిలోల ఎనిమిది వందలు. కిటికీ అద్దం అవతల నుంచి ఒక నర్సమ్మ పాపని ఎత్తి చూపించింది. నేను ఎత్తుకున్నది మూడో రోజున.

మూడు రోజులకి దీపావళి కానీ, మా వీధిలో టపాసులు పెద్దగా లేవు. అత్త ఎలాగో బస్సులో వచ్చేసింది, బాలింతకి పెట్టే కాయం ముద్దలు, సొరపుట్టు మొదలుపెట్టింది. మా ఆవిడ కొద్దిరోజులు ఊరికే కళ్లనీళ్లు పెట్టుకునేది. కాన్పయిన రెండు వారాల్లోపు అలా ఉండటం మామూలే, దాటితే చెప్పమని డాక్టరు ముందే అన్నారు. దాటలేదు.

దాటింది నాకు. జనవరి నుంచి నాలో ఏదో కిందికి జారిపోయింది. స్కూలు తెరిచారు, సగం జీతం వస్తోంది, ఇల్లంతా పాల వాసన, అందరూ సంతోషంగా ఉన్నారు. నేను మాత్రం బడి అయ్యాక ఖాళీ క్లాసులో కూర్చుండిపోయేవాణ్ని. ఇంటికి వెళ్లబుద్ధి కాక నాగావళి పాత వంతెన దగ్గర బండి ఆపుకుని నీళ్లవైపు చూసేవాణ్ని. పాప ఏడిస్తే కోపం వచ్చేది. ఒకరోజు ఫోన్ గోడకేసి కొట్టాను. పాప ఉలిక్కిపడింది. దిగులంటే ఏడుపే అనుకున్నాను, అది కోపంగా కూడా వస్తుందని నాకు తెలియదు. ఆ రాత్రి ఏడున్నరకి మా ఆవిడ పాపని అత్తకిచ్చి నన్ను డాబా మీదకి తీసుకెళ్లింది. ప్రసవం అయ్యాక మేం ఆ అరగంట మానేశాం. “నీ వంతు” అంది.

మళ్లీ అదే డాక్టరు దగ్గరికి. ఈసారి నాకు 19. తండ్రుల్లో ఇది ఎక్కువగా కనపడేది బిడ్డకి మూడు నుంచి ఆరు నెలల మధ్యేనని ఆయన చెప్పారు. అందరూ గండం గడిచిందనుకునే సమయం అది. ఈసారి నాకూ మందు రాశారు, ఎనిమిది నెలలు వాడాను, నెమ్మదిగా తగ్గించి ఆపారు. వారానికోసారి కౌన్సెలింగ్. అందులోనే మొదటిసారి 2018లో పోయిన బిడ్డ గురించి మాట్లాడాను. ఆ బిడ్డకి నేను కూడా తండ్రినని అప్పటిదాకా ఎవరితోనూ అనలేదు.

సెకండ్ వేవ్‌లో మావయ్యకి వచ్చింది, పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. అవి కష్టమైన రాత్రులే. కానీ కొళాయి తిప్పి ఏడవలేదు. ఇద్దరం డాబా మీదే ఏడ్చాం.

2021 జూన్‌లో అయిదేళ్లలోపు పిల్లల తల్లులకి ముందుగా కరోనా టీకా వేస్తామని మన రాష్ట్రంలో ప్రకటించారు. కడుపుతో ఉన్నవాళ్లకి కేంద్రం ఒప్పుకుంది జూలై 2న. ఇంకో ఏడాది ఆలస్యంగా కడుపు పండి ఉంటే ఆమెకి ఆ ధైర్యమైనా ఉండేదని చాలాసార్లు అనుకున్నాను. వార్డు సచివాలయంలో టీకా కోసం పాపనెత్తుకుని వరసలో నిలబడ్డాం. టేబుల్ దగ్గర పేర్లు రాస్తున్నది మా ఆశా అక్కే. మా ఆవిడ పేరు రాసుకుని, తలెత్తి నావైపు చూసింది.

“ఏటి బావూ, నిద్రోతున్నావా?”

“పాప పోనివ్వట్లేదక్కా” అన్నాను.

“అదైతే పరవాలేదు” అని తర్వాతి పేరు పిలిచింది.